అత్తయ్య ఎదురొచ్చిన రోజులు

ఈవేళ పొద్దున్న పై వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి బ్యాంకు పరీక్ష రాయడానికి కాకినాడ బయలుదేరి మెట్లు దిగుతున్న చప్పుడు వినపడగానే, వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్న నేను చటుక్కున లేచి లోపలికి వెళ్ళి తలుపు చాటున నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే అర్థం కావడానికి అరనిమిషం పట్టింది. మావారు పోయి నాలుగేళ్ళయింది. నన్ను ఎవరూ లోపలికి వెళ్ళమనలేదు, ఈ కాలంలో ఎవరూ అనరు కూడాను. పైగా పాతికేళ్ళకి పైగా కాలేజీ పిల్లలకి తర్కశాస్త్రం చెప్పి, కారణానికీ కాకతాళీయానికీ తేడా ఏమిటో బోర్డు మీద రాసి రాసి వేళ్ళు అరగదీసుకున్నదాన్ని. అయినా కాళ్ళు నన్ను అడక్కుండానే లేచాయి. ఆ అమ్మాయి మాత్రం ఇదేమీ గమనించకుండా తలుపు తోసుకుని లోపలికే వచ్చి, “ఇక్కడున్నారా మామ్మగారూ! గ్యాసు బండ వస్తే కాస్త తీయించండి, వెళ్ళొస్తానండీ” అని చెప్పి, స్కూటీ ఎక్కి చక్కా పోయింది.

రాత్రే ఆ అమ్మాయి రీజనింగ్ పుస్తకం పట్టుకొచ్చి, కొన్ని కుర్చీలు బల్లలు, బల్లలన్నీ తలుపులు, కాబట్టి కొన్ని కుర్చీలు తలుపులేనా కాదా అని అడిగింది. ఎన్నాళ్ళకి దొరికిందిరా భగవంతుడా అనుకుని, నేను కాగితం మీద సున్నాలు గీసి, మొదటి వాక్యం ఏమంటోంది, రెండోది ఏమంటోంది, వాటి మధ్య ఉన్న బల్ల చేసే పనేమిటి అని పావుగంటసేపు సంబరంగా చెప్పాను. అంతా ఓపిగ్గా విని, తమకి అంత అక్కర్లేదని, ముప్ఫై సెకన్లలో గుర్తు పెట్టేయడానికి కోచింగ్ సెంటరులో ఒక కిటుకు చెప్పారని మర్యాదగా సెలవిచ్చింది. నాకు కోపం రాలేదని అంటే అబద్ధమే అవుతుంది. కానీ ఇప్పుడు నేను చెప్పబోయేది ఆ కోపం గురించి కాదు. ఆ తలుపు చాటున నిలబడిన అరనిమిషంలో మా అత్తయ్య గుర్తొచ్చింది, అప్పటినుంచీ మనసు మనసులో లేదు.

మా ఊరు కొత్తపేటకి నాలుగు మైళ్ళ దూరంలో, కాలవగట్టు మీద. మా ఇంటికి వీధి పొడుగునా అరుగు ఉండేది, ఊళ్ళో సగం కబుర్లు ఆ అరుగు మీదే పుట్టి సాయంత్రానికి మళ్ళీ అక్కడికే చేరేవి. అత్తయ్య నాన్నగారికి చెల్లెలు. పెళ్ళయిన మూడో ఏడు భర్త విషజ్వరంతో పోతే పుట్టింటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేటప్పటికి ఆవిడకి పాతికేళ్ళు కూడా నిండి ఉండవు. ఇంట్లో ఆవిడని పల్లెత్తు మాట అన్నవాళ్ళు లేరు, తిండికీ బట్టకీ లోటు లేదు, నాకు జడ వేయడం దగ్గర్నుంచి ఎక్కాలు అప్పజెప్పించుకోవడం దాకా అన్నీ ఆవిడే చేసేది. కానీ ఇంట్లో ఎవరైనా పని మీద బయలుదేరుతుంటే నాయనమ్మ చిన్నగా దగ్గేది. ఆ దగ్గు వినపడగానే అత్తయ్య చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వెనక గుమ్మంలోంచి పెరట్లోకి వెళ్ళిపోయేది.

నా ఈడు వాళ్ళకి ఎదురు రావడం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. గడప దాటిన మనిషికి మొదట ఎవరి ముఖం కనిపిస్తుందో దాన్నిబట్టి వెళ్ళిన పని అవుతుందో లేదో తేలిపోతుందని నమ్మిన రోజులవి. అందుకని మా ఇంట్లో అదృష్టాన్ని దైవానికి వదిలేసేవారు కాదు. అత్తయ్య పెరట్లోకి వెళ్ళిన సమయానికే అమ్మ నిండుబిందె చంకనెత్తుకుని పక్క సందులోంచి వీధిలోకి వెళ్ళి, మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, నాన్నగారు గడప దాటగానే ఏమీ ఎరగనట్టు ఆయనకి ఎదురుగా నడిచి వచ్చేది. నాన్నగారు అప్పుడే అనుకోకుండా మంచి శకునం దొరికినట్టు తృప్తిగా తలూపి సైకిలెక్కేవారు. ఈ నాటకం ఏళ్ళ తరబడి జరిగినా మా ఇంట్లో ఒక్కరికీ నవ్వు రాలేదు. ఇంటర్మీడియట్లో లాజిక్ తీసుకునేదాకా నాకూ రాలేదు.

లాజిక్ మీద ప్రేమతో తీసుకున్నానని అనుకునేరు. లెక్కలంటే భయం, సైన్సు గ్రూపు దొరకలేదు, చివరికి మిగిలింది అది. అమలాపురంలో మా కాలేజీలో లైబ్రరీ వెనక ఉన్న ఇరుకు గదిలో మేం ఎనిమిది మందిమి, మా ఎదురుగా సన్నగా, పొడుగ్గా, ఎండైనా వానైనా గొడుగు వదలని లాజిక్ మాస్టారు. ఆయన పదహారేళ్ళ పిల్లల్ని కూడా మీరు అనేవారు. మొదటి రోజు, కొండ మీద పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పు ఉంది అన్న పాతకాలపు ఉదాహరణ బోర్డు మీద రాసి, వెనక్కి తిరిగి, “మీలో కొండ చూసినవారెవరండీ?” అని అడిగారు. ఏటిగట్టే మాకు తెలిసిన ఎత్తు, ఒక్క చెయ్యీ లేవలేదు. ఆయన ఆయ్ అని తనలో తనే నవ్వుకుని, కొండ చెరిపేసి అవతలి గట్టు అని రాశారు. మరుసటి చలికాలంలో ఒక పొద్దున్న మమ్మల్ని కాలవ దాకా నడిపించుకు వెళ్ళి, నీళ్ళ మీద తెల్లగా లేస్తున్నది చూపించి, అది పొగా మంచా అని అడిగారు. చూసినదేమిటో తిన్నగా తెలియకపోతే ఆ తరవాత ఎంత చక్కగా తర్కించినా నిప్పు దొరకదని అక్కడ నిలబడే చెప్పారు. ఇన్నేళ్ళ తరవాత కూడా కాలవ మీద మంచు చూస్తే నాకు చలి కంటే ముందు ఆ పాఠమే గుర్తొస్తుంది.

కాకతాళీయం అన్న మాట చాలామంది మాట వరసకి వాడతారు గానీ దాన్ని నాకు విప్పి చెప్పింది ఆయనే. కాకి చెట్టు మీద వాలింది, అదే క్షణాన తాటిపండు రాలింది, అంతమాత్రాన కాకి రాల్చిందనడానికి లేదు. అలా అనాలంటే కాకి వాలినప్పుడల్లా పండు రాలాలి, వాలనప్పుడు రాలకూడదు, రెండూ చూడాలి, ఒకటి చూసి ఊరుకుంటే కుదరదు. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికి వస్తుంటే నాయనమ్మ దగ్గు గుర్తొచ్చింది. పదిహేనేళ్ళుగా మా ఇంట్లో కాకిని పెరట్లో దాస్తున్నారనీ, ఆ కాకి మా అత్తయ్య అనీ అప్పుడు తెలిసింది.

మర్నాడే ఒక నోటు పుస్తకంలో మూడు గడులు గీశాను. బయలుదేరింది ఎవరు, ఎదురొచ్చింది ఎవరు, పని ఏమైంది. ఏడాది తిరిగేసరికి పుస్తకం సగం నిండింది. అమ్మ నిండుబిందెతో ఎదురొచ్చిన రోజుల్లోనూ నాన్నగారి పనులు అయినవీ ఉన్నాయి, కానివీ ఉన్నాయి. అత్తయ్య పొరపాటున ఎదురుపడితే ఆయన వెనక్కి వచ్చి కూర్చుని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరిన రోజుల్లోనూ అంతే. తాలూకాఫీసు గుమాస్తా సీట్లో ఉంటే పని అయ్యేది, లేకపోతే లేదు. నేను కనిపెట్టిన ఈ మహాసత్యాన్ని నాయనమ్మకి చదివి వినిపిస్తే, ఆడపిల్లకి ఇన్ని పనికిమాలిన రాతలు ఎందుకని విసుక్కుంది. రాతలతో లాభం లేదు, చేసి చూపించాల్సిందే అనుకున్నాను. అప్పుడు నాకు పదిహేడేళ్ళు, లోకంలో తప్పులన్నీ దిద్దడానికే పుట్టానన్న వయసు.

పబ్లిక్ పరీక్షల్లో లాజిక్ పేపరు ముందురోజు పెరట్లోకి వెళ్ళి అత్తయ్యని అడిగాను, రేపు నేను బయలుదేరేటప్పుడు వీధి అరుగు మీద నిలబడమని. ఆవిడ కొబ్బరాకు ముందేసుకుని చీపురుకి ఈనెలు తీస్తోంది. చేతిలో కత్తి ఆగిపోయింది. “నీ చదువుతో ఆటలేంటే అమ్మడూ? జరగరానిది ఏదైనా జరిగితే మళ్ళీ నీ మొహం చూడగలనటే?” అంది. నేను నాకొచ్చిన శాస్త్రమంతా చెప్పాను, నోటు పుస్తకం చూపించాను, ఏదీ పనిచెయ్యలేదు. చివరికి నువ్వు రాకపోతే నేను పరీక్షకే వెళ్ళనని మొండికేశాను. తర్కానికి లొంగని మనిషి ఆ బెదిరింపుకి లొంగింది. తర్కం చదువుకున్న పిల్ల చెయ్యాల్సిన పనేనా అది అని ఇప్పుడు అనిపిస్తుంది గానీ అప్పుడు గెలిచానన్న గర్వమే.

పొద్దున్న నాయనమ్మ దగ్గింది. అత్తయ్య పెరట్లోకి వెళ్ళలేదు. నేను గడప దాటేసరికి అరుగు చివర స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ ముందునించే నేను నడిచి వెళ్ళాను. వెనకాల నాయనమ్మ కేకలూ, సందులోంచి బిందెతో వచ్చిన అమ్మ తెల్లబోయి ఆగిపోవడమూ తెలుస్తూనే ఉన్నాయి. ఆ పూటంతా అత్తయ్య అన్నం ముట్టలేదట, నేను సాయంత్రం తిరిగొచ్చి పేపరు బాగా రాశానని చెప్పాకే తిన్నదట. జూన్లో ఫలితాలొచ్చాయి. లాజిక్‌లో కాలేజీ మొత్తానికీ నాదే మొదటి మార్కు.

అప్పుడు జరిగింది నేను కలలో కూడా అనుకోనిది. నాయనమ్మ వీధిలో అందరికీ వినపడేలా, “మా అమ్మాయి ఎదురు మంచిదేనండోయ్, మనమే ఇన్నాళ్ళూ పోల్చుకోలేకపోయేం” అని ప్రకటించింది. ఆ నెలలోనే నాన్నగారు ఎడ్లు కొనడానికి వెళుతూ అత్తయ్యని అరుగు మీద నిలబెట్టి వెళ్ళారు, మంచి జత దొరికింది. పక్కింటివాళ్ళు పిల్లకి సంబంధం చూడటానికి వెళుతూ వచ్చి అడిగారు. కొన్నాళ్ళకి వీధి చివరి ఇళ్ళ నుంచి కూడా, “అమ్మాయిగారూ, రేపు పొద్దున్న ఓసారి ఎదురొద్దురూ, పని మీద వెళ్తున్నామండీ” అంటూ రావడం మొదలైంది. దగ్గు ఆగిపోయింది. సందులోంచి బిందె మోసే పని అమ్మకి తప్పింది.

అత్తయ్య మారిపోయింది. ఈనెల కట్టా కత్తీ అరుగు మీదకి తెచ్చుకుని పొద్దున్నే అక్కడ కూర్చునేది. దారిన పోయేవాళ్ళని పలకరించేది, ఎవరి పిల్ల ఎవరికిచ్చారో, ఏ ఇంట్లో ఆవు ఈనిందో అన్నీ తెలుసుకుని రాత్రి అన్నాల దగ్గర మాకు చెప్పేది. అంత నవ్వగలదని నాకు అంతకు ముందు తెలియదు. నాన్నగారు అమలాపురం నుంచి తెచ్చిన లేత నీలం చీర మొదట వద్దని పెట్టెలో పెట్టేసి, వారం తిరక్కుండా కట్టుకుంది. నేను డిగ్రీలో చేరి రోజూ పొద్దున్న బస్సుకి పరుగెత్తుతూ వెనక్కి తిరిగి చూస్తే, అరుగు మీద ఆ నీలం చీర బస్సు మలుపు తిరిగేదాకా కనిపించేది. అదంతా నా ఘనతే అనుకునేదాన్ని.

ఆ ఘనత ఎవరికైనా చెప్పుకోకపోతే నిలవలేక లాజిక్ మాస్టారి దగ్గరికి వెళ్ళాను. నోటు పుస్తకం తిరగేసి, కథంతా విని, మెచ్చుకుంటారని నేను ఎదురుచూస్తుంటే ఆయన పుస్తకం మూసి నా చేతికిచ్చేశారు. తరవాత మెల్లిగా, “మీరు ఆ నమ్మకాన్ని కొట్టెయ్యలేదండీ, తిరగేసేరు. చెడ్డ ఎదురు అన్నదాన్ని మంచి ఎదురు చేసేరు. రేపు ఎవరి పనైనా చెడితే ఆవిడ ఏమవుతారండీ?” అన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. ఆయనకి పుస్తకాలే తెలుసు, మనుషులు తెలియరనుకున్నాను. ఆయన చెప్పింది నిజమని తెలియక కాదు. ఇంటికి వెళ్ళి, అత్తయ్య వల్ల మంచీ జరగదు చెడూ జరగదు, ఆవిడ కూడా మనలాంటి మనిషే అని నాయనమ్మకి చెప్పాలంటే ఆ అరుగు మీది నవ్వు ఎక్కడ ఆరిపోతుందోనని భయమేసింది. అందుకని ఊరుకున్నాను. నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పేమిటని ఎవరైనా అడిగితే ఆ ఊరుకోవడమే అని చెబుతాను.

ఆ ఏడు పంట బాగా పండింది. కోతలు మొదలుపెట్టే రోజున నాన్నగారు అత్తయ్యని ఎదురు రమ్మని మరీ చేలోకి వెళ్ళారు. కోసిన పనలు చేలో ఆరుతుండగా మూడో రోజు గాలివాన పట్టుకుంది. ఒక రాత్రీ ఒక పగలూ కొట్టి వదిలేసరికి పనలు నీళ్ళలో తేలుతున్నాయి, కొబ్బరి తోటలో చెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నాన్నగారు చేను చూసి వచ్చి అరుగు మీద కూలబడ్డారు. ఆయన అత్తయ్యని తప్పుపట్టలేదు. అత్తయ్య ఎదురు వల్లేనని అన్నది నాయనమ్మ. ఆ వారంలో అత్తయ్యని ఎదురు పిలిచిన ఇళ్ళవాళ్ళూ ఒకరొకరే వచ్చి అన్నారు, అదీ మర్యాదగానే, నొప్పి తెలియకుండా.

నేను ఊరుకోలేదు. కోనసీమ అంతా చెట్లు పడ్డాయి కదా, రాజోలులో ఎవరికి ఎదురొచ్చింది మా అత్తయ్య, మామిడికుదురులో ఎవరికి ఎదురొచ్చింది అని నడింట్లో నిలబడి అరిచాను. నాయనమ్మ నా వంక తేరిపార చూసి, “నీకు ఫస్టు మార్కు వచ్చినప్పుడు దానివల్లేనని నేను ఊరంతా చెప్పేను కదే, అప్పుడు కాదని ఒక్క మాటైనా అన్నావా?” అంది. అక్షరం ముక్క రాని ముసలావిడ. రెండేళ్ళు లాజిక్ చదివి మొదటి మార్కు తెచ్చుకున్నదాన్ని నేను.

మర్నాడు లేచేసరికి అరుగు ఖాళీగా ఉంది. ఈనెల కట్టా కత్తీ పెరట్లోకి చేరాయి. వెళ్ళమని ఎవరూ అనలేదు, తనే వెళ్ళింది. నేను నూతి దగ్గర ఆవిడని పట్టుకుని ఏడ్చాను, అందరితోనూ పోట్లాడి మళ్ళీ కూర్చోబెడతానన్నాను. ఆవిడ నా కళ్ళు తుడిచి, “ఇంకొద్దే అమ్మడూ. ఆర్నెల్లు వీధి చూసేను, చాల్లే” అంది. నీలం చీర మళ్ళీ కట్టుకోగా నేను చూడలేదు.

ఆ తరవాత నుంచి నేను వీధి గుమ్మంలోంచి బయలుదేరడం మానేశాను. కాలేజీకైనా, పై చదువుకి విశాఖపట్నమైనా, ఉద్యోగంలో చేరాక సెలవులకి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడైనా, పెట్టె పట్టుకుని పెరటి గుమ్మంలోంచే వెళ్ళేదాన్ని, మొదట కనిపించే ముఖం అత్తయ్యదే కావాలని. కానీ నేను వస్తున్న అలికిడి వినగానే ఆవిడ నూతి వైపు తిరిగి నిలబడేది. వెళ్ళిరా అమ్మడూ అని అటు తిరిగే అనేది. ఒకసారి భుజాలు పట్టుకుని బలవంతాన ఇటు తిప్పబోతే, చిన్నపిల్లలా నవ్వుతూ కొంగు ముఖం మీదకి లాక్కుంది గానీ తిరగలేదు. నాకు ఏమీ కాకూడదని ఆవిడ పట్టుదల. ఆవిడ పోయిందని కబురు తెలిసి వానల్లో బస్సులు మారి నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఇంట్లో ఆవిడ ఫోటో ఒక్కటీ లేదు, ఫోటో తీసే శుభకార్యాలన్నిట్లోనూ ఆవిడ పెరట్లోనే ఉండేది. ఇప్పుడు కళ్ళు మూసుకుని తలుచుకుంటే ముందు ఆవిడ వీపే కనిపిస్తుంది, ముఖం కోసం వెతుక్కోవాల్సి వస్తోంది.

రోజులు మారాయి, మంచికే మారాయి. మా ఊళ్ళో ఎవరు ఎవరికి ఎదురొచ్చారని ఆగి చూసే తీరిక ఇప్పుడు ఎవరికీ లేదు, అందరూ ఫోను చూసుకుంటూ బండెక్కి పోతున్నారు. మా ఇల్లు పడగొట్టి డాబా కట్టారు, అరుగు ఉన్నచోట ప్రహరీగోడా ఇనప గేటూ వచ్చాయి. దాచిపెట్టవలసిన మనుషులూ లేరు, కూర్చోబెట్టవలసిన అరుగులూ లేవు. మా కాలేజీలో లాజిక్ తీసుకునేవాళ్ళు లేక ఆ సబ్జెక్టే తీసేశారని విని నాలుగు రోజులు బెంగపడ్డాను. ఆ ఇరుకు గది మీదా, గొడుగుతో నడిచొచ్చే మాస్టారి మీదా, నీళ్ళ మీది మంచు మీదా ఇప్పటికీ బెంగే. కానీ అన్నిటికంటే ఎక్కువ బెంగ ఆ ఆర్నెల్ల మీద. ఆవిడ వల్ల చెడు జరగదని ఋజువు చెయ్యాలని ఏడాదిపాటు గడులు గీశాను, మంచి జరిగిందన్నప్పుడు మాట్లాడకుండా ఉన్నాను. ఆవిడకి కావలసింది ఆ రెండూ కావు, వీధిలో వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కాసేపు కూర్చోవడం. ఆ ఆర్నెల్లూ ఆవిడ అరుగు మీద ఉన్నప్పుడల్లా నేను ఎక్కడికో అక్కడికి బయలుదేరుతూనే ఉన్నాను తప్ప, ఎక్కడికీ వెళ్ళే పని పెట్టుకోకుండా ఒక్క పూటైనా ఆవిడ పక్కన కూర్చున్నదాన్ని కాదు.